తలంటు బండ

మా స్నానాలగదిలో బండలు పరిచి ఆ రోజుకి 18 రోజులు. ఇల్లు వికారాబాద్‌లో, రాయి తాండూరుది. నేలకీ, గోడకి నడుమెత్తు దాకా నీలి నాపరాయే. పాలిష్ మిషన్ వెళ్లిపోయింది, బూడిదరంగు బురదంతా కడిగేశాం, ఇక బకెట్టూ చెంబూ లోపల పెట్టడమే తరువాయి అనుకుంటుంటే మా మేనకోడలు హైదరాబాద్ నుంచి ఒక తెల్ల డబ్బా పట్టుకుని దిగింది. ఇళ్ల పనుల్లో వాడే రసాయనాలను పరీక్షించే ఉద్యోగం తనది. "ఇది పూసేదాకా లోపల ఒక్క చెంబు కూడా పొయ్యొద్దు మామా" అంది, చెప్పులైనా విప్పకుండానే.

మిగిలిన కూలి డబ్బుల కోసం వచ్చిన మేస్త్రి అప్పటికే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాండూరు గనుల పక్క ఊళ్లో పుట్టి, మీసాలు రాకముందే రాయి కొట్టి, ఆ తర్వాత పరవడంలోకి, అక్కణ్ణుంచి పాలిష్‌లోకి వచ్చిన మనిషి. మా నాన్న కాలంలో ఈ ఇంటికి బండలు పరిచిందీ ఆయనే. మేనకోడలు ఆయన్ని కాకా అనడం అప్పటి అలవాటు. డబ్బాను చూడగానే ఆయన చేతిలో బీడీ ఆర్పేశాడు. తగువు మొదలవబోతోందని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ సాయంత్రమూ మర్నాటి పొద్దునా నడిచిన మాటలివి. ఊరుకోలేక నేను మధ్యమధ్య దూర్చినవీ ఉన్నాయి.

మేస్త్రి: గా డబ్బల ఏముంది బిడ్డా? వార్నీషా?

మేనకోడలు: కాదు కాకా, సీలర్. వార్నీషు రాయి మీద పొరలా నిలబడుతుంది. ఇది లోపలికి ఇంకుతుంది. రాతిలో కంటికి కనపడని సందులుంటాయి కదా, వాటి గోడలకి అంటుకుని నీళ్లనీ నూనెనీ వెనక్కి నెడుతుంది. పైకి ఏమీ తెలియదు. రంగు, మెరుపు ఉన్నవి ఉన్నట్టే.

మేస్త్రి: అంటే నీళ్లు ఇగ లోపటికి పోనే పోవా?

మేనకోడలు: పోతాయి, కాకపోతే ఆలస్యంగా. ఒలికింది తుడుచుకునేందుకు నీకు కాస్త టైము దొరుకుతుంది, అంతే.

మేస్త్రి: గిట్ల జెప్పేటోళ్లు తక్కువ. డబ్బ మీద గదే రాసిన్రా?

మేనకోడలు: డబ్బా మీద రాసేది అమ్మేవాళ్లు. నేను పరీక్షించేదాన్ని.

మేస్త్రి: మంచిది. అయితే ఇను. గీ రాయి యాడికెల్లి వచ్చింది? భూమిలకెల్లి. వానకాలం వస్తే గని మొత్తం చెరువు అయితది. నెలల తరబడి నీళ్లల్లనే ఉంటది. నీళ్లు తోడినంక గునపం పెట్టి లేపితే పుస్తకంల కాయితాలు లేసినట్టు లేస్తది. కరిగిందా, మెత్తవడ్డదా? చేపకు గొడుగు పడుతున్నవ్ నువ్వు.

మేనకోడలు: ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద అది. కోట్ల ఏళ్లు పొర మీద పొర పడి గట్టిపడింది. అందుకే నీ గునపానికి కాయితాల్లా లేస్తుంది. నీళ్లకి ఏమీ కాదని నేనూ ఒప్పుకుంటాను. నా భయం నీళ్లు కాదు, అమ్మమ్మ.

వంటింట్లోంచి మా అమ్మ గొంతు: "నేనేం చేసిన్నే?"

మేనకోడలు: వారం వారం తలంటు. గిన్నెడు నువ్వుల నూనె, నలుగుపిండి, పసుపు, కుంకుడు రసం. నూనె బండ మీదికి కారుతుంది. దాని మీద వేడినీళ్లు పడతాయి. వేడికి నూనె పల్చబడి ఇంకా లోతుకి దిగుతుంది. నీళ్ల తడి ఆరితే పోతుంది కాకా, నూనె మరక ఆరేది కాదు. నీలి రాయి మీద అయితే అరచెయ్యంత మచ్చ నల్లగా ఉండిపోతుంది.

పసుపు సంగతి నేను కళ్లారా చూశాను. పాత స్నానాలగదిలో ఒకసారి నేల మీద పడ్డ పసుపుకి సబ్బునీళ్లు తగిలి ఎర్రబారింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలిసిన ఇల్లే ఇది, అయినా ఆ ఎరుపు చూసి ఎవరికో దెబ్బ తగిలిందని అమ్మ ఇంటిల్లిపాదినీ పిలిచింది. సబ్బు కూడా సున్నం లాగే క్షారం అని మేనకోడలు తర్వాత ఫోన్లో చెప్పింది.

మేస్త్రి: నూనె ముచ్చట తీసినవ్ గదా. రా, పెరట్లకు పోదాం.

పెరట్లో బావి పక్కన పాత తలంటు బండ ఉంది. నాన్న వేయించింది. దాని నీలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అరిగిన ఇనుప పెనంలా నల్లగా నిగనిగలాడుతుంటుంది. మేస్త్రి చెంబులో వేళ్లు ముంచి దాని మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. తామరాకు మీద పడ్డట్టు గుండ్రంగా నిలబడ్డాయి. ఒకటి జారి పక్కదాన్ని కలుపుకుంది.

మేస్త్రి: దీనికి ఏ డబ్బ పూసిన్రు బిడ్డా?

ఆమె వంగి బండని గోటితో గీరింది. గోట్లోకి నల్లటి జిడ్డు వచ్చింది. దాన్నలాగే ఆయన ముందు పెట్టింది.

మేనకోడలు: ముప్పై ఏళ్ల నూనే దీని సీలరు. కాదనను. కానీ ఈ జిడ్డుకి దుమ్ము అంటుతుంది, వానాకాలం పాకుడు అంటుతుంది. ఎండా గాలీ తగిలే చోటు, పైగా కొబ్బరి పీచుతో రుద్ది కడిగే బండ కాబట్టి చెల్లింది. కిటికీ జానెడున్న గదిలో ఇదే బండ ఉంటే వాసన భరించలేం. ఇంకో మాట. దీని మీద అమ్మమ్మ ఎన్నిసార్లు జారిపడిందో అడుగు.

"ఒక్కసారే" అంది అమ్మ, గుమ్మంలోకి వచ్చి.

రెండుసార్లు. రెండోసారి మణికట్టుకి పట్టీ వేయించుకొచ్చింది నేనే.

మేస్త్రి: జారుడు నీ పూతకు మాత్రం ఉండదా? మొన్న సారు పూయించిండు గదా, గది యాది లేదా?

యాది లేకేం. నాలుగేళ్ల కిందట ఒకాయన వచ్చి, బండలు అద్దంలా అవుతాయని పాత గదిలో ఏదో పూసిపోయాడు. మొదటి నెల నిజంగానే మొహం కనిపించింది. వానలు పడేసరికి ఆ పొర కింద పాలు ఒలికినట్టు తెల్లబడింది. చలికాలానికి పెచ్చులు లేచింది. గీకి తీయడానికి ఈ మేస్త్రే మూడు రోజులు బ్లేడు పట్టుకుని కూర్చున్నాడు. పూసినాయన ఫోను ఆ తర్వాత మోగలేదు.

మేనకోడలు: అది పైపూత. నేల కింద ఎప్పుడూ కొంత చెమ్మ ఉంటుంది, అది బండలోంచి పైకి వచ్చి ఆరిపోవాలి. పైన మూత బిగిస్తే అక్కడే ఆగిపోతుంది. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు ఆ మూత కిందే గడ్డకడుతుంది. పొరని లేపుతుంది, ఒక్కోసారి రాయి పైపొట్టుని కూడా లేపేస్తుంది. స్నానాలగది నేలకి అలాంటిది పూయడం తప్పు. ఇది వేరు. సందుల గోడలకి మాత్రమే పట్టుకుంటుంది, దారి తెరిచే ఉంటుంది. ఆవిరి పైకి పోగలదు. రాయి గరుకు కూడా అలాగే ఉంటుంది కాబట్టి కొత్తగా జారుడు రాదు.

మేస్త్రి: నీళ్లు లోపటికి పోవు, ఆవిరి బయటికొస్తది. గట్లెట్ల?

మేనకోడలు: దోమతెర లోంచి గాలి రావడం లేదా? నీటిచుక్క అంటే కోట్ల అణువుల గుంపు, గోడ ఒప్పుకోకపోతే గుంపుగా లోపలికి దూరలేదు. ఆవిరిది ఒంటరి ప్రయాణం.

ఈ జవాబు మేస్త్రికి ఎక్కిందో లేదో గానీ ఆయన లేచి, "మాటలెందుకు, సూద్దాం పా" అన్నాడు. అందరం గదిలోకి నడిచాం. ఫోన్లో 15 నిమిషాలకి అలారం పెట్టి మూడు చోట్ల నీటిచుక్కలు వేశాం. ఒకటి గోడకున్న నున్నటి పాలిష్ బండ మీద. గోడ మీద నిలవదని మొదట్లో ఎగతాళి చేశాను, కానీ సబ్బు పెట్టుకునే గూట్లోనూ అదే బండ ఉంది, చుక్క అక్కడికి మారింది. రెండోది కుళాయి కింద నేలబండ మీద. మూడోది రెండు బండల మధ్య అతుకు మీద. అతుకు మీద చుక్క మేము నడుం ఎత్తేలోపే మాయమైంది. అలారం మోగాక గూట్లో చుక్క తుడిస్తే మచ్చ లేదు. కుళాయి కింద మాత్రం రూపాయి బిళ్లంత నల్లటి వలయం.

మేస్త్రి: గోడకు అక్కెర లేదు. నేను జెప్పింది గదే.

మేనకోడలు: గోడకి వద్దు, ఒప్పుకున్నా. తాగని రాయికి బలవంతంగా తాగించలేం. పూస్తే మీదనే ఆరిపోయి తెల్లటి మబ్బులా మిగులుతుంది, దాన్ని వదిలించడం ఇంకో పని. నేలకి మాత్రం కావాలి. అమ్మమ్మ జారకూడదని నేల గరుకుగా వదిలేశావు కదా. గరుకు రాయి ఎక్కువ తాగుతుంది.

మేస్త్రి: అంటే మొత్తం డబ్బ గాదు, గింత చాలు.

మేనకోడలు: ఇంకో నిజం కూడా చెప్తాను, నువ్వు ఎగతాళి చేసినా సరే. ఇందులో ఉన్న సిలేన్ రకం మందులకి ఇసుక జాతి రాళ్లంటేనే ప్రేమ. ఇసుకరాయిని, గ్రానైట్‌ని గట్టిగా పట్టుకుంటాయి. సున్నపురాయిని పట్టుకునేది అంత గట్టిగా కాదు. అందుకే నాపరాయికి పూసింది త్వరగా అరుగుతుంది. స్నానాలగదిలో అయితే ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూసుకోవాలి.

మేస్త్రి: ఇగ ఏడాదికొక్కపారి డబ్బ కొనాలె. ఎల్లయ్య సంసారం లెక్క.

ఈ ఎల్లయ్య ఎవరో నాకు తెలియదు. మేస్త్రి సామెతల్లో చాలామంది ఉంటారు.

మేస్త్రి: నా పాలిష్‌లనే మందుంది బిడ్డా. రాళ్లు మార్చుకుంట మార్చుకుంట ఆఖరికి తెల్లపొడి ఏసి తిప్పుత. అప్పుడే మెరుపు తేలుతది. గా పొడి పడ్డ బండ తొందరగ పాడుగాదు. నలభై ఏండ్లసంది సూస్తున్న.

మేనకోడలు: ఆక్జాలిక్ ఆమ్లం అది. నువ్వు చూసింది నిజమే కాకా. చాలా ఆమ్లాలు సున్నపురాయిని కరిగించి నీళ్లలో కలిపేస్తాయి. ఇది మాత్రం రాతిలోని కాల్షియంతో కలిసి నీళ్లలో కరగని పల్చటి పొరగా మారుతుంది. పాత పాలరాతి విగ్రహాలని బాగుచేసేవాళ్లు కూడా అలాంటి పొరనే కావాలని పుట్టిస్తారు, ఆమ్లం తగిలినా రాయి కొంత తట్టుకుంటుందని.

మేస్త్రి: ఇన్నవా సారూ! సదువుకున్న పిల్ల జెప్తుంది.

మేనకోడలు: పూర్తిగా విను. ఆ పొర మరీ పల్చన. నూనెని ఆపలేదు. పైగా నేల గరుకుగా కావాలని అక్కడ ఆ పొడి తిప్పనే లేదు నువ్వు.

మేస్త్రి దీనికి జవాబు చెప్పలేదు. గది మూలకి పోయి, కొత్త గదిలోకి అందరికంటే ముందే చేరిపోయిన ఒక సీసా తెచ్చి మా మధ్య పెట్టాడు. బాత్రూమ్ యాసిడ్. అమ్మ తెచ్చి పెట్టుకుంది.

మేస్త్రి: నీ దగ్గర పూసిన రాయి ముక్క ఉన్నదా?

ఉంది. సంచీలోంచి అరచెయ్యంత నాపరాతి ముక్క తీసింది. సగం దాకా సీలర్ పూసి, సగం వదిలేసి, మధ్యలో పెన్సిల్ గీత గీసిన నమూనా. మేస్త్రి దాన్ని గుమ్మం బయట పెట్టి, గీతకి అటూ ఇటూ యాసిడ్ చుక్కలు వేశాడు. వేయించిన ఆవాల్లా చిటపటమంటూ రెండు పక్కలా నురగ లేచింది. పూసిన పక్క ఒక్క క్షణం ఆలస్యమైందేమో, అంతకన్నా తేడా నాకు కనపడలేదు. నీళ్లు పోసి తుడిచాక రెండు చోట్లా ఒకే రకంగా మెరుపు చచ్చి, వేలికి గరుగ్గా తగిలే తెల్లటి గుంటలు.

మేస్త్రి: ఇప్పుడు జెప్పు.

మేనకోడలు: ఇందులో చెప్పేదేముంది, ఇలా లోపలికి ఇంకే ఏ సీలరూ యాసిడ్‌ని ఆపదు. సీలర్ మరకల కోసం. ఇది మరక కాదు, గాయం. ఈ బండలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. 73 గ్రాముల హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 గ్రాముల రాయిని తినేస్తుంది, లెక్క అంత సూటిగా ఉంటుంది. నూటికి పది పాళ్ల ఆమ్లం ఉన్న అర లీటరు సీసా అనుకుంటే, మొత్తం పనిచేస్తే దాదాపు 68 గ్రాముల బండ కొంత గ్యాసై, కొంత నీళ్లలో కరిగి జాలీలోంచి పోయినట్టే.

"మరి ఆ తెల్ల మరకలు ఎట్ల పోవాలె?" అంది అమ్మ. అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. మా బోరు నీళ్లతో నెల తిరిగేసరికి కుళాయిలు, బకెట్లు, బండలు అన్నిటికీ సున్నం కొట్టినట్టు అవుతుంది. కుళాయిలని ఆమె వాడేసిన నిమ్మచెక్కలతో తోముతుంది. తళతళలాడతాయి. ఆ రసం కారినచోట కింద బండ మీద తెల్లటి బొట్లు పడతాయి. వాటిని మళ్లీ బోరు నీళ్ల మరకలే అనుకుని యాసిడ్ పోస్తుంది.

మేనకోడలు: అదే తమాషా అమ్మమ్మా. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని మన దేశపు ప్రమాణం చెబుతుంది, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా సర్దుకోమంటుంది. ఆ 600 లెక్కన 20 లీటర్ల బకెట్లో 12 గ్రాముల సుద్ద ఉన్నట్టు. రోజూ నువ్వు బండ మీద సుద్దనీళ్లు పోసి ఆరబెడుతున్నావు. తెల్లమరకా సున్నమే, బండా సున్నమే. ఏది మరకో ఏది బండో యాసిడ్‌కి తెలియదు.

"నీ డబ్బా పూస్తే మరక పడదా?"

మేనకోడలు: పడుతుంది. నీళ్లు బండ మీద ఆరితే ఏం పూసినా పడుతుంది. స్నానం అయ్యాక రబ్బరు వైపర్‌తో రెండు లాగులు లాగి జాలీలోకి తోసేయాలి. అంతే. పుల్లనిదేదీ తగలనివ్వకూడదు. ఇంకోటి, బ్లీచింగ్ పొడి వేసినచోట ఎప్పుడూ యాసిడ్ పొయ్యకు. వచ్చే గ్యాసు బండకి కాదు, నీకు ప్రమాదం.

మేస్త్రి: పుల్లనిది ముట్టొద్దు, నీళ్లు నిల్వనియ్యొద్దు. గీ రెండూ చేస్తే సగం రోగం పాయె. డబ్బ దేనికి ఇగ?

మేనకోడలు: మిగతా సగానికి. నూనెకి.

మేస్త్రి: నూనె పడితే తీసుడు నాకు రాదా? ముల్తానీ మట్టి ముద్దలెక్క కలిపి, మరక మీద మందంగ ఏసి, మీదికెల్లి పాలితీన్ కవరు అంటిస్త. ఒక దినం ఉంచి కవరు తీస్తే, మట్టి ఎండుకుంట ఎండుకుంట నూనెను గుంజుకుంటది.

మేనకోడలు: అది రాదని ఎవరన్నారు? తాజ్‌మహల్‌కి పురావస్తు శాఖవాళ్లు వేస్తున్నదీ అదే. పాలరాయి పసుపుబారిందని 1994 నుంచి మధ్యమధ్య ముల్తానీ మట్టి పట్టు వేసి కడుగుతున్నారు. కానీ కాకా, నిన్నటి నూనె వస్తుంది, ఏడాది నాటిది వస్తుందా?

మేస్త్రి కాసేపు పైకప్పు చూశాడు.

మేస్త్రి: రాదు. గోధుమరంగు నీడ మిగులుతది.

మేనకోడలు: సీలర్ పూస్తే అమ్మమ్మ తలంటుకి దిగిన నూనెని ఆ సాయంత్రం సబ్బుతో కడుక్కున్నా చాలు. లోపలికి దిగకముందే పోతుంది. నేను కొనమనేది ఆ కొన్ని గంటలనే.

నా మట్టుకు నాకు ఆమె వాదం ఇక్కడ గెలిచిందనిపించింది. అమ్మకు మాత్రం ఇంకో అనుమానం: ఇది విషం కాదు కదా?

మేనకోడలు: నీళ్లని మాత్రమే నెట్టే రకం వేరు, నూనెని కూడా నెట్టే రకం వేరు. నూనెకి పనికొచ్చేవాటిలో ఎక్కువ ఫ్లోరిన్ కలిసినవే. ఆ కుటుంబం రసాయనాలు మట్టిలో నీళ్లలో ఏళ్ల తరబడి విరిగిపోకుండా ఉంటాయి. వాటిలో పీఎఫ్‌ఓఏ అనేదాన్ని 2019లో స్టాక్‌హోం ఒప్పందం నిషేధపు జాబితాలో చేర్చారు. ఇందులో అది లేదు. అయినా అక్కర్లేనిచోట చల్లడం నాకూ ఇష్టం లేదు. అందుకే గోడ వదిలేద్దామంటే వెంటనే ఒప్పుకున్నాను. తలంటు పోసుకునే చోటు, దాని చుట్టూ నాలుగు బండలు. కిటికీ తెరిచి, బట్టతో పూసి, పది నిమిషాలాగి, మిగిలింది ఆరకముందే శుభ్రంగా తుడిచేయాలి. తుడవడం మరిస్తే జిడ్డు మబ్బు మిగులుతుంది. ఆ తర్వాత రెండు రోజులు నీళ్లు తగలకూడదు. ఇప్పుడే మొదలుపెడితే చీకటి పడేలోపు అయిపోతుంది.

మేస్త్రి: ఇప్పుడు గాదు.

మేనకోడలు: మళ్లీ ఏమైంది?

మేస్త్రి: మాలు ఆరలేదు. బండ కింద రెండంగుళాల సిమెంటు మాలు ఉన్నది. పాలిష్ పట్టినన్ని దినాలు నీళ్లు పోసుకుంటనే ఉన్నం. గా నీళ్లన్ని యాడికి పోవాలె? నిండ నీళ్లు తాగిన రాయి నీ మందు తాగుతదా?

మేనకోడలు: పైన ఆరినట్టే ఉంది.

మేస్త్రి: పైన ఆరుతది. ఆరనట్టు కనిపిస్తే నాకు కూలి ఎవరిస్తరు?

అంటూ పెరట్లో ఆరేసిన పాలిథీన్ కవరు ఒకటి తెచ్చి, కుళాయి కింద బండ మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించాడు. "పొద్దుగాల సూద్దాం" అని, కూలి డబ్బుల సంగతి మరిచిపోయి వెళ్లిపోయాడు. మరిచిపోవడం అనుకోకండి. పొద్దున మళ్లీ రావడానికి ఆయనకొక కారణం కావాలి.

మర్నాడు ఏడింటికి వచ్చాడు. మేనకోడలు అంతకుముందే లేచి, టీ గ్లాసుతో గది గుమ్మంలో గొంతుక్కూర్చుని ఉంది. కవరు లోపలి పక్కన చిన్నచిన్న నీటి బొట్లు, అన్నం గిన్నె మూతకి పట్టినట్టు. టేపు లాగి తీస్తే కింద బండ చుట్టుపక్కల వాటికంటే నల్లగా, చతురస్రంగా మచ్చ కట్టి ఉంది.

మేనకోడలు: ఇంకెన్నాళ్లు?

మేస్త్రి: ఫ్యాను పెట్టి కిటికీ తెరిస్తే ఇంకో మూడు వారాలు. మళ్ల కవరు ఏసి సూడాలె. బొట్లు రాకుంటే పూయి.

మేనకోడలు: పూస్తే ఒప్పుకుంటావా?

మేస్త్రి: నాలుగు బండలకు గదా. పూయి. నేనే తుడుస్త, మీకు తుడుసుడు రాదు.

ఇక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఆమె పరీక్షించే మనిషి, ఊరుకోదు. "అతుకు మీద నీటిచుక్క నిన్న క్షణంలో మాయమైంది కదా, అక్కడ పడ్డ నీళ్లు ఎటు పోతాయో చూద్దాం కాకా" అని బకెట్టు నింపింది. ఎలాగూ మూడు వారాలు ఆరబెట్టాలి, ఇంకో బకెట్టు పడితే మునిగిపోయేదేమీ లేదని నేనూ తల ఊపాను. నేల మధ్యలో నెమ్మదిగా పోసింది. నీళ్లు జాలీ వైపు హుషారుగా నడిచాయి, సగానికి పైగా లోపలికి దిగాయి. మిగిలినవి తలంటు పోసుకునే చోటి దగ్గరికి వచ్చి తటపటాయించి, వెనక్కి తిరిగి గోడ మూలకి పోయి, అతుకు వెంట చేరి నిలబడ్డాయి. పల్చగా, విస్తరాకంత మడుగు.

ఎవరూ మాట్లాడలేదు. మేస్త్రి చొక్కా జేబులోంచి టేపు తీసి, సిమెంటు అంటిన చేత్తో దాన్ని సాగదీసి, మూల నుంచి జాలీ దాకా కొలిచాడు. మట్టం కర్ర పెట్టి చూశాడు. కర్రలో బుడగ ఒక పక్కకి జరిగింది, ఆయన కోరుకోని పక్కకి.

మేస్త్రి: అడుగుకు అరపావు అంగుళం వాటం ఇచ్చిన. గీ మూలకు దిగింది. మాలు కూసున్నది.

మేనకోడలు: రోజూ అక్కడ నీళ్లు నిలిస్తే అతుకులోంచి కిందికి దిగుతాయి. కింద వాటర్‌ప్రూఫింగ్ వేశావు కదా?

మేస్త్రి: ఏసిన. రెండు పూతలు. గోడకు అడుగు ఎత్తు దాంక. అయినా నీళ్లు దానిమీద నిలుస్తె మాలు ఎన్నటికీ ఆరదు. నీ సీలరు గాదు, నీ అవ్వ సీలరు పూసినా పనికిరాదు.

మేనకోడలు: నేను అన్నాననుకున్నావా? సీలర్ నీళ్ల వాటాన్ని సరిచేయదు. అతుకులకి వైట్ సిమెంటు తీసేసి ఎపాక్సీ నింపితే బాగుంటుందనుకున్నా, చెప్తే తిడతావని ఊరుకున్నా.

మేస్త్రి: ఇప్పుడు జెప్పినవ్ గదా. ఎట్లాగూ గీ మూల బండలు లేపుతున్న, గది గూడ నింపుత.

ఆయన సంచీలోంచి ఉలీ సుత్తీ తీశాడు. కూలి డబ్బుల మాట ఈసారి నేను ఎత్తబోతే చెయ్యి అడ్డంపెట్టాడు. మొదటి అతుకులో ఉలి దిగింది, వైట్ సిమెంటు పొడి లేచింది. మేనకోడలు డబ్బా మూత బిగించి, మీద పెన్‌తో తారీఖు రాసి, గూట్లో పెట్టింది. గూట్లో అంటే నిన్న మచ్చ పడని ఆ బండ మీద.

అమ్మ ఒక చేతిలో నూనె గిన్నె, భుజాన తువ్వాలుతో వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఆ రోజు శుక్రవారం.

"నాలుగు రోజులు ఇందులకు రావద్దమ్మా" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా.

"నేనేమన్న మీ బండలు నమ్ముకున్ననా?" అని ఆమె పెరట్లోకి నడిచింది. మేనకోడలు ఉలిక్కిపడి, "అమ్మమ్మా, ఆ బండ జారుతుంది, ఆగు, నేనొస్తున్నా" అంటూ కొబ్బరి పీచు వెతుక్కుంటూ వెనకాలే పరిగెత్తింది.